తారల వెనుక నడిచినవాడు: జపాన్ పిచర్ తొమో ఓకా సుదీర్ఘ ప్రయాణం

జపాన్ బేస్‌బాల్ అనగానే నేడు ప్రపంచానికి స్ఫురించే పేర్లు ఇచిరో సుజుకి, షొహే ఓతాని. వారి ఒప్పందాల విలువ, వారు సృష్టించిన రికార్డులు పసిఫిక్ మహాసముద్రానికి ఇరువైపులా పతాక శీర్షికలయ్యాయి. అయితే జపాన్ నుంచి అమెరికా మేజర్ లీగ్‌కు వెళ్లిన వారిలో అంతటి తారలు కొద్దిమందే. మిగిలినవారు జట్టు నుంచి జట్టుకు మారుతూ, ఏటా కొత్త నగరంలో అద్దె ఇల్లు వెతుక్కుంటూ, గాయాలతో పోరాడుతూ తమ స్థానం తాము సంపాదించుకున్నవారు. అటువంటి వారిలో చెప్పుకోదగిన పిచర్ తొమోకజు ఓకా. అమెరికా అభిమానులకు ఆయన తొమో ఓకా.

మేజర్ లీగ్‌లో 10 సీజన్లు, 51 విజయాలు, 68 పరాజయాలు. రికార్డు పుస్తకంలో ఆయన వాటా ఇంతే. కానీ 22 ఏళ్ల వయసులో సముద్రం దాటిన ఈ ఆటగాడు 40 ఏళ్లు దాటాక కూడా ఓ అమెరికా జట్టు శిక్షణ శిబిరంలో పోటీపడ్డాడు. వృత్తి క్రీడలో మధ్యస్థాయి ఆటగాడి జీవితాన్ని ఎవరు నిర్ణయిస్తారు, అందులో అతడి చేతిలో మిగిలేది ఎంత అనే ప్రశ్నలకు ఈ ప్రయాణం స్పష్టమైన సమాధానం ఇస్తుంది.

పిచర్ పని ఏమిటి?

క్రికెట్‌లో బౌలర్ స్థానమే బేస్‌బాల్‌లో పిచర్‌ది. అయితే పిచర్ పరుగెత్తుకుంటూ రాడు. మైదానం మధ్యలోని చిన్న మట్టి దిబ్బపై నిలబడి, 18.44 మీటర్ల దూరంలోని బ్యాటర్ వైపు బంతిని నేలను తాకకుండా విసురుతాడు. ఒక్కో ఇన్నింగ్స్‌లో ముగ్గురిని ఔట్ చేయాలి. తొమ్మిది ఇన్నింగ్స్‌లకు కలిపి 27 మంది. ఆటను ప్రారంభించే పిచర్లు ఒక్కో జట్టుకు సాధారణంగా ఐదుగురు ఉంటారు. భుజంపై పడే భారం దృష్ట్యా వారు వంతులవారీగా, నాలుగైదు రోజుల విరామంతో ఆడతారు.

పిచర్ సామర్థ్యానికి ప్రధాన కొలమానం, ఫీల్డింగ్ తప్పిదాలను మినహాయించి తొమ్మిది ఇన్నింగ్స్‌లకు సగటున అతడు ఇచ్చిన పరుగులు. ఈ సగటు మూడుకు చేరువగా ఉంటే మేటి పిచర్. నాలుగు దాటితే సాధారణ స్థాయి. అయిదు దాటిందంటే ఉద్యోగానికి ముప్పు వచ్చినట్లే. ఓకా జీవితంలో ఈ మూడు దశలూ ఉన్నాయి.

సముద్రం దాటే దారులు

జపాన్ నుంచి మేజర్ లీగ్‌లో తొలిసారి ఆడినవాడు మసనోరి మురకామి. నాన్‌కాయ్ హాక్స్ జట్టు శిక్షణ కోసం పంపగా 1964లో శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ తరఫున బరిలోకి దిగాడు. ఆయనపై హక్కు ఎవరిదన్న వివాదంతో ఆ దారి మూసుకుపోయింది. మూడు దశాబ్దాల తరువాత 1995లో హిడియో నోమో దాన్ని మళ్లీ తెరిచాడు. జపాన్ ఒప్పందాల నిబంధనల్లోని ఓ వెసులుబాటును వినియోగించుకుని, స్వచ్ఛందంగా విరమణ ప్రకటించి, లాస్ ఏంజిల్స్ డాడ్జర్స్‌లో చేరాడు. ఆ ఏడాదే నేషనల్ లీగ్ ఉత్తమ నూతన ఆటగాడిగా ఎంపికయ్యాడు.

ఆ తరువాత రెండు దేశాల లీగ్‌లు ఓ పద్ధతిని రూపొందించుకున్నాయి. జపాన్ జట్టు తన ఆటగాణ్ని వేలానికి పెడితే, అత్యధిక మొత్తం పలికిన అమెరికా జట్టుకు అతడితో చర్చలు జరిపే హక్కు లభించేది. 2006లో దైసుకె మత్సుజకతో మాట్లాడే హక్కు కోసమే బోస్టన్ రెడ్ సాక్స్ 5 కోట్ల 11 లక్షల డాలర్లు చెల్లించడానికి సిద్ధపడింది.

అదే బోస్టన్ అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1998 నవంబరులో, ఓకాను తీసుకున్నప్పుడు ఇంతటి ఆర్భాటం లేదు. 1976 మార్చి 18న క్యోటోలో జన్మించిన ఓకా 1994 నుంచి యోకొహామా బేస్టార్స్‌లో ఉన్నాడు. ప్రధాన జట్టులో అవకాశాలు అంతంతమాత్రం. అయిదేళ్లలో దక్కిన విజయం ఒక్కటే. 1998లో యోకొహామా జపాన్ సిరీస్ గెలిచింది. ఆ విజయంలో ఓకాకు చెప్పుకోదగిన పాత్ర లేదు. ఆ ఏడాది చివర ఆయన ఒప్పందాన్ని జట్టు బోస్టన్‌కు విక్రయించింది. నోమో స్వదేశంలో శిఖరం చేరుకున్నాక విదేశానికి వెళ్లినవాడు. స్వదేశంలో చోటు దొరకక వెళ్లినవాడు ఓకా.

బోస్టన్: రెండు మెట్లు ఎక్కి, తలుపు వద్ద ఆగి

అమెరికాలో ప్రతి మేజర్ లీగ్ జట్టు కింద మైనర్ లీగ్ జట్లు శ్రేణులవారీగా ఉంటాయి. వాటిలో పై రెండు మెట్లు డబుల్-ఎ, ట్రిపుల్-ఎ. 1999లో ఓకా డబుల్-ఎ జట్టు ట్రెంటన్ తరఫున 8 మ్యాచ్‌లు గెలిచాడు. ట్రిపుల్-ఎ జట్టు పావ్‌టకెట్ తరఫున మరో 7 గెలిచాడు. ఒక్కటీ ఓడలేదు. ఆ జూలైలోనే మేజర్ లీగ్‌లో తొలిసారి బంతి విసిరాడు.

2000 జూన్ 1న పావ్‌టకెట్ తరఫున, చార్లెట్ జట్టుపై ఆయన ‘పర్ఫెక్ట్ గేమ్’ నమోదు చేశాడు. వరుసగా వచ్చిన 27 మంది బ్యాటర్లలో ఒక్కరినీ తొలి బేస్‌కు సైతం చేరనీయకపోవడాన్ని ఇలా పిలుస్తారు. హిట్ లేదు, ఉచితంగా ఇచ్చిన బేస్ లేదు, ఫీల్డింగ్ తప్పిదం లేదు. అందుకు ఆయనకు 80 బంతులు కూడా అవసరం కాలేదు.

మైనర్ లీగ్‌లో పరిపూర్ణత సాధించినా మేజర్ లీగ్‌లో స్థిరమైన చోటు దక్కుతుందన్న హామీ లేదు. బోస్టన్‌లో అప్పటికే పెద్ద పేర్లున్న పిచర్లు ఉన్నారు. 2001లో నోమో సైతం ఆ జట్టులో చేరాడు. ఓకాను అవసరమైనప్పుడు పైకి పిలిచేవారు, అవసరం తీరాక కిందికి పంపేవారు. ఆ ఏడాది జూలై 31న, ఆటగాళ్ల మార్పిడికి గడువు ముగిసే రోజున, ఆట చివర్లో బరిలోకి దిగే నిపుణుడు ఉగెత్ ఉర్బీనా కోసం బోస్టన్ ఓకాను, మరో యువ పిచర్‌ను మాంట్రియల్ ఎక్స్‌పోస్‌కు ఇచ్చివేసింది.

యజమాని లేని జట్టులో వికాసం

ఓకా వెళ్లి చేరింది మూసివేత అంచున ఉన్న జట్టులో. ప్రేక్షకులు రాక నష్టాల్లో కూరుకుపోయిన ఎక్స్‌పోస్‌ను రద్దు చేయాలన్న ప్రతిపాదన 2001 చివర్లో ముందుకొచ్చింది. 2002 ఆరంభంలో జట్టును మేజర్ లీగ్ సంస్థే కొనుగోలు చేసింది. మిగిలిన 29 జట్ల యజమానులే ఉమ్మడిగా ముప్పయ్యో జట్టుకు యజమానులైన విచిత్ర స్థితి అది. 2003, 2004 సీజన్లలో సొంత మైదానంలో ఆడాల్సిన మ్యాచ్‌లలో ఏటా 22 మ్యాచ్‌లను ఆదాయం కోసం ప్యూర్టోరికోలోని శాన్ హువాన్‌లో ఆడారు.

ఈ అనిశ్చితి నడుమనే ఓకా తన అత్యుత్తమ సీజన్ ఆడాడు. 2002లో 13 విజయాలు, 8 పరాజయాలు, సగటు 3.18. రద్దు కావలసిన జట్టు ఆ ఏడాది ఓటముల కంటే విజయాలే ఎక్కువగా సాధించింది. 2003లో ఓకా మరో 10 మ్యాచ్‌లు గెలిచాడు. భవిష్యత్తు లేని జట్టుకు ఖరీదైన తారలను కొనే స్తోమత ఉండదు. అందువల్ల ఓకా వంటి ఆటగాడికి వంతు తప్పకుండా ఆడే అవకాశం లభించింది. బోస్టన్ ఇవ్వలేని స్థిరత్వాన్ని ఆయనకు దినదినగండంగా బతుకుతున్న జట్టు ఇచ్చింది.

విరిగిన చెయ్యి, వెనుదిరిగిన ఆటగాడు

2004 జూన్ 10న కాన్సాస్ సిటీ రాయల్స్‌తో మ్యాచ్‌లో కార్లోస్ బెల్ట్రాన్ కొట్టిన బంతి నేరుగా దూసుకొచ్చి ఓకా కుడి చేతిని తాకింది. ముంజేతి ఎముక విరిగింది. బంతి విసిరే చెయ్యే అది. మూడు నెలల అనంతరం సెప్టెంబరులో ఆయన తిరిగి బరిలోకి దిగాడు. ఆ సీజన్ ముగిసేసరికి మాంట్రియల్‌లో ఎక్స్‌పోస్ కథ కూడా ముగిసింది. 2005లో జట్టు వాషింగ్టన్‌కు తరలి ‘నేషనల్స్’గా మారింది.

కొత్త నగరంలో ఓకా మూడు నెలలైనా నిలవలేదు. బేస్‌బాల్‌లో జట్టు ప్రధాన శిక్షకుణ్ని ‘మేనేజర్’ అంటారు. పిచర్‌ను మార్చాలనుకున్నప్పుడు మేనేజర్ స్వయంగా దిబ్బ వద్దకు నడిచి వస్తాడు. పిచర్ బంతిని అతడి చేతిలో పెట్టి వెళ్లిపోవాలి. నాడు వాషింగ్టన్ మేనేజర్ ఫ్రాంక్ రాబిన్సన్. మేజర్ లీగ్‌లో తొలి నల్లజాతి మేనేజర్‌గా చరిత్రకెక్కినవాడు, క్రమశిక్షణ విషయంలో రాజీ ఎరుగనివాడు. 2005 జూన్ ఆరంభంలో ఓ మ్యాచ్‌లో తనను తప్పించడానికి రాబిన్సన్ వస్తుండగా ఓకా ఆయనకు వీపు చూపి నిలబడ్డాడు. జట్టు జరిమానా విధించింది. వారం తిరగకముందే జూనియర్ స్పైవీ అనే ఆటగాడి కోసం ఓకాను మిల్వాకీ బ్రూవర్స్‌కు పంపివేసింది.

పెద్దల పట్ల వినయానికి పేరుపడిన జపాన్ క్రీడా సంప్రదాయం నుంచి వచ్చిన ఆటగాడు ఇలా ప్రవర్తించడం పలువురిని ఆశ్చర్యపరిచింది. ఆ ప్రవర్తన సమర్థనీయం కాదు. అయితే పిచర్‌కు తన విలువ నిరూపించుకునే చోటు ఆ దిబ్బ ఒక్కటే. అక్కడి నుంచి ఎప్పుడు దిగాలో నిర్ణయించే అధికారం అతడికి లేదు. ఆ అధికారం ఎవరిదన్న సంగతి ఆ వారంలోనే ఓకాకు తెలిసివచ్చింది.

ఆటగాడి ఇష్టంతో పనిలేని బదిలీ

మేజర్ లీగ్‌లో జట్లు ఒప్పందంలో ఉన్న ఆటగాణ్ని అతడి సమ్మతి లేకుండానే మరో జట్టుకు ఇచ్చివేయగలవు. మొత్తం పదేళ్ల సేవ ఉండి, అందులో చివరి అయిదేళ్లు ఒకే జట్టులో గడిపిన ఆటగాడికే బదిలీని నిరాకరించే హక్కు ఉంటుంది. తమకు నచ్చిన జట్టుతో బేరం చేసుకునే స్వేచ్ఛ ఆరేళ్ల సేవ పూర్తయ్యాక లభిస్తుంది. తారలకు ఈ నిబంధనలు కోట్లు కురిపిస్తాయి. మధ్యస్థాయి ఆటగాడికి ఆ స్వేచ్ఛ వచ్చేసరికి తరచుగా శరీరం సహకరించే వయసు దాటిపోతుంది.

ఓకా విషయంలో జరిగింది అదే. వాషింగ్టన్, మిల్వాకీలలో కలిపి 2005లో 11 విజయాలు సాధించిన ఆయనను 2006లో భుజం గాయం వేధించింది. ఆ సీజన్ తరువాత స్వేచ్ఛ లభించింది. 2007కు టొరంటో బ్లూ జేస్‌తో ఒప్పందం చేసుకున్నాడు. సగటు అయిదు దాటడంతో జూన్‌లో జట్టు ఆయనను వదులుకుంది. అదే ఏడాది సెయింట్ లూయిస్, సియాటెల్ సంస్థల మైనర్ జట్లలో ఆడాడు. 2008లో షికాగో వైట్ సాక్స్ సంస్థ ఆయనను తన ట్రిపుల్-ఎ జట్టుకు పంపింది. ఆ జట్టు చార్లెట్. ఎనిమిదేళ్ల క్రితం ఆయన పర్ఫెక్ట్ గేమ్ నమోదు చేసింది ఆ జట్టుపైనే.

2009లో క్లీవ్‌లాండ్ తరఫున మళ్లీ మేజర్ లీగ్ మెట్టు ఎక్కాడు. ఒక విజయం, అయిదు పరాజయాలతో ఆ అధ్యాయం ముగిసింది. 2010లో యోకొహామాకు తిరిగి వెళ్లి, జపాన్ లీగ్‌లో 1994 తరువాత తన తొలి విజయాన్ని అందుకున్నాడు. ఆ రెండు విజయాల మధ్య పదహారేళ్ల విదేశీ, స్వదేశీ శ్రమ ఉంది. 2011 సీజన్ చివర యోకొహామా కూడా ఆయనను విడుదల చేసింది. అప్పటికి వయసు 35. శస్త్రచికిత్స చేయించుకున్న భుజంలో మునుపటి వేగం లేదు. చాలామంది పిచర్లు ఈ దశలో ఆటకు స్వస్తి చెబుతారు.

గోళ్ల కొనలతో కొత్త విద్య

ఓకా ‘నకుల్‌బాల్’ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఈ పేరు భారత అభిమానులకు కొత్త కాదు. 2011 ప్రపంచ కప్ క్రికెట్‌లో జహీర్ ఖాన్ దీన్ని ప్రయోగించాడు. అనంతరం పలువురు పేసర్లు వేగం తగ్గించి బ్యాటర్‌ను మోసగించే అస్త్రంగా దీన్ని అలవరచుకున్నారు. క్రికెట్ ఈ పేరును, పట్టును బేస్‌బాల్ నుంచే అరువు తెచ్చుకుంది.

సాధారణంగా పిచర్ బంతికి బలమైన భ్రమణం ఇస్తాడు. ఆ భ్రమణమే బంతి ఎటు వంగాలో నిర్ణయిస్తుంది. నకుల్‌బాల్‌లో దాదాపు భ్రమణమే ఉండదు. వేలి కొనలతో, గోళ్లతో బంతిని పట్టి ముందుకు నెట్టినట్లు విసరాలి. తిరగని బంతిపై ఎత్తుగా ఉన్న కుట్లు గాలి ప్రవాహాన్ని అసమానంగా చీలుస్తాయి. దీంతో బంతి గాలిలో అటూ ఇటూ ఊగుతుంది. అది ఎటు పోతుందో బ్యాటర్‌కే కాదు, పట్టుకునే సహచరుడికి, విసిరినవాడికి కూడా కచ్చితంగా తెలియదు.

వేగవంతమైన బంతి గంటకు 145 కిలోమీటర్లు దాటితే, నకుల్‌బాల్ సుమారు 110 కిలోమీటర్లతో వస్తుంది. భుజంపై ఒత్తిడి తక్కువ. అందుకే దీన్ని నమ్ముకున్నవారు నలభైలలోనూ ఆడారు. ఫిల్ నీక్రో 48 ఏళ్ల వరకు, బోస్టన్‌లో ఓకా సహచరుడైన టిమ్ వేక్‌ఫీల్డ్ 45 ఏళ్ల వరకు బంతి విసిరారు. 2012లో ఆర్.ఎ. డికీ 38 ఏళ్ల వయసులో ఈ బంతితోనే ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారం అందుకున్నాడు. అయితే బంతి ఒకటి రెండు చుట్లు ఎక్కువ తిరిగితే అది నెమ్మదిగా వచ్చే మామూలు బంతి అయిపోతుంది. బ్యాటర్‌కు అంతకంటే సులువైన బంతి మరొకటి ఉండదు. పట్టు కుదరడానికి ఏళ్లు పట్టే విద్య ఇది.

చివరి శిబిరం

జపాన్‌లోని స్వతంత్ర లీగ్ జట్టు తొయామాలో ఓకా ఈ సాధన సాగించాడు. 2013 డిసెంబరులో, డికీ ఆడుతున్న టొరంటో ఆయనతో మైనర్ లీగ్ ఒప్పందం చేసుకుంది. వసంతకాల శిక్షణ ముగియకముందే విడుదల చేసింది. అక్కడి నుంచి అమెరికాలోని స్వతంత్ర జట్టు బ్రిడ్జ్‌పోర్ట్ బ్లూఫిష్‌కు, ఆ తరువాత జపాన్‌లోని ఫుకుషిమా హోప్స్‌కు వెళ్లాడు. స్వతంత్ర లీగ్‌లంటే మేజర్ లీగ్ వ్యవస్థకు బయట నడిచేవి. చిన్న మైదానాలు, స్వల్ప వేతనాలు, సుదీర్ఘ బస్సు ప్రయాణాలు. మేజర్ లీగ్‌లో 51 విజయాలు సాధించిన వ్యక్తి అక్కడ ఇరవయ్యేళ్ల యువకులతో కలిసి ఆడాడు.

2016 డిసెంబరులో మరో పిలుపు వచ్చింది. బాల్టిమోర్ ఓరియోల్స్ ఆయనతో మైనర్ లీగ్ ఒప్పందం కుదుర్చుకుంది. నాడు ఆ జట్టు వ్యవహారాల అధిపతి డాన్ డుకెట్. 1998లో బోస్టన్ జట్టు అధిపతిగా 22 ఏళ్ల ఓకాను తీసుకున్నది, 2001లో మాంట్రియల్‌కు ఇచ్చివేసింది ఆయనే. 40 ఏళ్ల వయసులో మరో అవకాశం ఇచ్చిందీ ఆయనే. 2017 వసంతకాల శిబిరం మాత్రం ఎక్కువ కాలం సాగలేదు. మార్చిలో ఓరియోల్స్ విడుదల చేసింది. అదే ఏడాది ఓకా ఆటకు వీడ్కోలు పలికాడు.

అంకెలు చెప్పేది, చెప్పనిది

ఓకా మేజర్ లీగ్ సగటు 4.26. ఆయన 51 విజయాలలో 34 కేవలం మూడు సీజన్లలో, అంటే 2002, 2003, 2005లలో వచ్చాయి. వంతు తప్పకుండా ఆడే అవకాశం లభించిన ఏళ్లు కూడా ప్రధానంగా అవే. నైపుణ్యం ఎంత ఉన్నా, ఏ జట్టుకు ఏ సమయంలో ఏ అవసరం ఉందన్న దానిపైనే మధ్యస్థాయి ఆటగాడి భవితవ్యం ఆధారపడి ఉంటుందనడానికి ఇది నిదర్శనం.

ఎక్కడ ఆడాలో చాలా కాలం ఇతరులే నిర్ణయించారు. యోకొహామా విక్రయించింది, బోస్టన్ మార్పిడి చేసింది, వాషింగ్టన్ పంపివేసింది, టొరంటో రెండుసార్లు వదులుకుంది. ఆడటం మానాలా, కొనసాగాలా అన్న నిర్ణయం మాత్రం ప్రతిసారీ ఆయనదే. వేగం పోయినప్పుడు నెమ్మదిగా వచ్చే బంతి నేర్చుకున్నాడు. పెద్ద లీగ్ తలుపు మూసినప్పుడు చిన్న లీగ్ తలుపు తట్టాడు.

విరమణ అనంతరం 2018లో ఓకా యోకొహామా రెండో శ్రేణి జట్టుకు పిచింగ్ కోచ్‌గా బాధ్యతలు చేపట్టాడు. ప్రధాన జట్టులో చోటు కోసం ఎదురుచూసే యువ పిచర్లు అక్కడ ఉంటారు. వారిలో తారలయ్యేది ఏ ఒకరో ఇద్దరో. మిగిలినవారికి పిలుపు వస్తుందా లేదా తెలియకుండా ఏళ్లు గడుస్తాయి. అదే జట్టు నీడన అయిదేళ్లలో ఒక్క విజయంతో గడిపిన వ్యక్తి అప్పుడు వారికి బంతి పట్టు నేర్పే గురువయ్యాడు.